సొరంగమునకు ముఖద్వారము: ఇసాంబార్డ్ బ్రూనెల్ జీవితము

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు తీర్చియున్నచో లోనికి బోవు క్రొత్తవానికి సంకోచము తీరును. రైలుబండి కొండను దూరుచోటను అట్టి వాకిలి యొకటి కలదు. కొండచరియను నిలువుగా కోసి, రాతితో గాని యిటుకతో గాని గోడ కట్టి, దాని నడుమ కమాను నిలిపి, ఆ కమాను గుండ బండిని లోనికి పంపుదురు. దీనినే సొరంగపు ముఖద్వారమందురు. విశాఖపట్టణమునుండి అరకులోయకు రైలులో పోయినవారు ఏబదికి పైగా సొరంగములు దాటియుందురు. ప్రతి సొరంగమునకును రెండు ముఖములు కలవు. కాని చీకటి వచ్చినదని కేకలు వేయు సంబరములో ఆ ముఖమును తేరిపార జూచినవారు అరుదు.

బొమ్మరైళ్లు నడుపు ముచ్చటగల బాలబాలికలకు మాత్రము ఈ ముఖద్వారము మిక్కిలి ముఖ్యము. బల్లపై చిన్న పట్టాలు పరచి, వానికడ్డముగ కొండను కట్టిన పిమ్మట, అంగడిలో దొరకు ద్వారము తమ కొండకును తమ బండికిని సరిపడక, తామే అట్టతోనో కొయ్యతోనో తగిన ద్వారమును నిర్మించుకొనువారు పెక్కుమంది కలరు. అట్టి పనికి పూనుకొనువారు, నిజమైన సొరంగములకు చూడముచ్చటయైన ముఖములు కట్టించిన యొక మహాశిల్పి చరిత్రము ఎరుగుట మేలని మేము తలచుచున్నాము. ఆతడు ఇంగ్లండు దేశపు ఇంజనీరు ఇసాంబార్డ్ కింగ్డమ్ బ్రూనెల్. ఆతని జీవితమంతయు వ్రాయుటకు ఈ పుటలు చాలవు గనుక, సొరంగములతో నాతనికి గల సంబంధమునే ముఖ్యముగ తీసికొని, తక్కినదానిని సంక్షేపముగ జెప్పెదము.

బ్రూనెల్ 1806వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన ఇంగ్లండు దక్షిణతీరమందలి పోర్ట్స్‌మత్ పట్టణమున జన్మించెను. తండ్రి మార్క్ బ్రూనెల్ ఫ్రాన్సు దేశస్థుడు. ఆ దేశమున విప్లవము చెలరేగినపుడు ప్రాణము దక్కించుకొని అమెరికాకు పోయి, 1799లో ఇంగ్లండు చేరి, సోఫియా కింగ్డమ్ అను కన్యను వివాహమాడెను. ఓడల త్రాళ్లను లాగుటకు కావలసిన కప్పీలను యంత్రములచే చేయు విధానమును కనిపెట్టి పోర్ట్స్‌మత్ నౌకాశాలలో నెలకొల్పినవాడు ఆతడే. నేర్పుగలవాడే గాని ధనము నిలుపుకొన నేర్చినవాడు కాడు. 1821లో అప్పులు తీర్చలేక భార్యతోగూడ కొన్ని నెలలు చెరసాల పాలయ్యెను. కడకు ప్రభుత్వమువారు 5,000 పౌనులిచ్చి విడిపించిరి.

ఇట్టి తండ్రి తన కుమారునకు నాలుగేండ్ల ప్రాయముననే చిత్తరువులు గీయుట నేర్పెను. కన్ను చూచినదానిని చేయి తప్పులేక గీయగలుగుటయే ఇంజనీరునకు అక్షరాభ్యాసమని ఆతని నమ్మకము. బాలుడు హోవ్ అను సముద్రతీర గ్రామమున బడిలో నుండగా ఊరంతయు కొలిచి పటము గీచెను. తీరిక దొరకినపుడెల్ల చేతులు కాయలు గాచునంతవరకు చిన్న చిన్న పడవలు చెక్కుచుండెను. బొమ్మలు చేయుట కాలము వ్యర్థపుచ్చుటయని తలచు తల్లిదండ్రులు ఈ సంగతి గమనింపవలెను. ఆ చిన్న పడవలు చెక్కిన చేతులే కొన్ని యేండ్లకు మహాసముద్రములు దాటు ఓడలను నిర్మించెను. పదునాలుగవ యేడు నిండిన పిమ్మట బాలుడు ఫ్రాన్సు దేశమునకు పంపబడి, అచట గణితము నభ్యసించి, బ్రెగే అను ప్రసిద్ధుడగు గడియారముల పనివానియొద్ద కొంతకాలముండి, 1822లో తిరిగివచ్చి తండ్రికి తోడుగ పనిలో చేరెను.

అప్పుడు మార్క్ బ్రూనెల్ లోకమున నెవ్వరును సాధింపనిపనికి పూనుకొని యుండెను. లండను నగరమున థేమ్సు నదికి క్రిందుగా, రోదర్‌హిథ్ అను ఒడ్డునుండి వాపింగ్ అను ఒడ్డునకు సొరంగము త్రవ్వవలెనని ఆతని సంకల్పము. ఓడల కొయ్యను తొలుచు పురుగొకటి కలదు. అది తన తలపైనున్న గట్టిపెంకుతో ముందరి కొయ్యను కొరికి, తాను తొలిచిన కన్నమునకు లోపల పూత పూయుచు పోవును. ఆ పురుగును చూచియే ఆతడు ఇనుప కవచమొకటి కల్పించెను. అందు పండ్రెండు చట్రములు, ఒక్కొక్క చట్రమునకు మూడు అరలు, అరకొక్క కూలి చొప్పున ముప్పదియార్గురు నిలిచి ఎదుటి మంటిని కొలది అంగుళముల చొప్పున త్రవ్వుదురు. వెనుక తాపీపనివారు వెంటనే ఇటుక కట్టుదురు. నేటికిని నగరముల క్రింద సొరంగములు త్రవ్వు మహాయంత్రములకు ఇదియే మూలము.

పని 1825లో మొదలయ్యెను. రెండేండ్లలో ఇసాంబార్డ్ ఇరువదియొకటవ యేటనే ఆ పనికి స్థానిక ఇంజనీరుగ నియమింపబడెను. ఆ నాటి థేమ్సు నది లండను మురుగంతయు మోసికొనిపోవు కాలువ. దాని క్రింద పనిచేయువారిపై మురికినీరు కారుచు, విషవాయువులు కమ్ముచు నుండెను. పలువురు జబ్బుపడిరి, కొందరికి చూపు మందగించెను. 1827 మే 18వ తేదీన నది యడుగు తెగి నీరు సొరంగములోనికి దూకెను. కూలీలందరు బయటపడిన పిమ్మట, నూతి యడుగున నీటియంత్రమును కనిపెట్టు ముసలివాడొకడు మునిగిపోవుచు కేక వేయుట వినబడెను. ఇసాంబార్డ్ వెంటనే త్రాడు పట్టుకొని నూతిలోనికి జారి, ఆ ముసలివానికి త్రాడు కట్టి, పైకి లాగించెను. పిమ్మట బంకమంటి సంచులతో నది యడుగును పూడ్పించి తిరిగి పని సాగించెను. 1828 జనవరి 12వ తేదీన రెండవమారు నది లోనికి వచ్చెను. ఈమారు ఆరుగురు కూలీలు మరణించిరి. ఇసాంబార్డ్ కాలు కొయ్యక్రింద చిక్కి, ఎట్లో విడిపించుకొని, నీటి పొంగుతో నూతి పైకి కొట్టుకొనివచ్చి బ్రతికెను. సొరంగపు పని ఏడేండ్లు నిలిచిపోయెను. 1843 మార్చిలో గాని అది ప్రజలకు తెరవబడలేదు. 1869నుండి అందు రైళ్లు నడచుచున్నవి.

ఇరువదిరెండేండ్లైనను నిండకముందే చీకటిలో పొంచియున్న మృత్యువును ఆతడు కన్నులార చూచెను. ఈ మాట పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత ఆతడు కట్టించిన ప్రతి సొరంగపు ముఖము వెనుకను ఆ జ్ఞాపకమున్నదని మా నమ్మకము.

గాయములు మానుటకై ఆతడు బ్రిస్టల్ సమీపమందలి క్లిఫ్టనున విశ్రమించెను. అచట ఏవన్ నదీలోయపై వ్రేలాడు వంతెన కట్టుటకు పోటీ ప్రకటింపబడగా, తన పటములు పంపి కడకు గెలిచెను. దానివలన బ్రిస్టల్ వర్తకులకు పరిచితుడయ్యెను. వారు తమ నగరమునుండి లండనునకు రైలుదారి వేయదలచి, 1833 మార్చిలో, ఇరువదియేడవ యేట నున్న బ్రూనెలును దానికి ఇంజనీరుగ నియమించిరి. అదియే గ్రేట్ వెస్టర్న్ రైల్వే. దారి పొడవు సుమారు 118 మైళ్లు. గుఱ్ఱమెక్కి ఆ దేశమంతయు తిరిగి, పగలు కొలతలు, రాత్రి పటములు వేయుచు, ఆతడు దారిని నిర్ణయించెను. తక్కిన రైలుదారుల పట్టాల నడుమ 4 అడుగుల 8½ అంగుళముల యెడముండగా, ఆతడు తన దారికి 7 అడుగులకు పైబడిన యెడము నేర్పరచెను. వెడల్పు హెచ్చినకొలది బండి నిలకడగను వేగముగను పోవునని ఆతని వాదము. కావున ఆతని సొరంగములును మిక్కిలి వెడల్పుగ కట్టవలసివచ్చెను.

ఈ దారికి బాత్ నగరమునకు తూర్పున బాక్స్ అను కొండ అడ్డముగ నుండెను. దాని గుండ ఇంచుమించు రెండు మైళ్ల సొరంగము త్రవ్వుటకు బ్రూనెల్ నిశ్చయించెను. అంత పొడవైన రైలు సొరంగము నాటికి లేదు. లోకమంతయు బెదరిపోయెను. లోపల పడమటివైపునకు నూరడుగులకొక్క అడుగు చొప్పున వాలు కలదు గనుక, బండికి అడ్డుకట్ట తప్పినచో గంటకు 120 మైళ్ల వేగముతో దూసికొనిపోవునని డాక్టర్ లార్డ్నర్ అను పండితుడు లెక్కగట్టెను. ఆ లెక్కలో గాలియొక్క యడ్డును, చక్రముల రాపిడిని విడిచివేసితిరని బ్రూనెల్ బదులు చెప్పెను. రాతిభాగమునకు లోపల ఇటుక కట్టనిచో పైకప్పు విరిగిపడునని భూగర్భశాస్త్రజ్ఞుడగు బక్లండ్ హెచ్చరించెను. అంత చీకటిలో అంత దూరము పోయినవారికి ప్రాణములు నిలుచునా యని సామాన్యులు శంకించిరి.

పని 1836లో ఆరంభమయ్యెను. ముందు కొండపైనుండి క్రిందికి నూతులు త్రవ్విరి. వానిలో కొన్ని 300 అడుగులకు చేరువగు లోతుగలవి. వాని యడుగునుండి ఇరువైపులకును త్రవ్వుచు పోయిరి. మట్టియు రాయియు గుఱ్ఱములు త్రిప్పు చక్రములచే పైకి లాగబడెను. లోపల వెలుతురునకు కొవ్వొత్తులే గతి. వారమునకొక టన్ను కొవ్వొత్తులును, ఒక టన్ను తుపాకిమందును ఖర్చయ్యెను. ఊటనీరు పలుమారులు పనిని ముంచెను. సుమారు మూడు కోట్ల ఇటుకలు లోపలి కమానునకు పట్టెను. కడపట గడువు మించిపోవుచుండగా నాలుగు వేలమంది కూలీలను పెట్టి రేయింబవళ్లు పని నడపిరి. రెండువైపులనుండి త్రవ్వుచు వచ్చినవారు నడుమ కలిసికొన్నప్పుడు ఆ రెండు మార్గములకును తేడా రెండంగుళములలోపే యుండెను. 1841 జూన్ 30వ తేదీన ఈ సొరంగము తెరవబడి, లండను బ్రిస్టల్ నగరముల నడుమ రైలుదారి పూర్తియయ్యెను. వేసవికి ముందు ఏప్రిల్ 9వ తేదీన, అనగా బ్రూనెల్ పుట్టినదినమున, ఉదయసూర్యుని కిరణము సొరంగము ఈ చివరనుండి ఆ చివరకు ప్రసరించునని యొక ముచ్చట ప్రచారమున నున్నది. అది ఎంతవరకు నిజమో విద్వాంసులలో వివాదము కలదు.

ఇక ముఖద్వారముల సంగతి. తూర్పుముఖము సాదాది. పడమటి ముఖమన్ననో, లండనునుండి బాత్ పోవు రాజమార్గమునకు కనబడుచుండును. దానిని బ్రూనెల్ ఆ ప్రాంతపు తేనెరంగు సున్నపురాతితో, ప్రాచీన రోమను నగరద్వారమును తలపించునట్లు కట్టించెను. పైన వెలికి పొడుచుకొనివచ్చిన పైయంచు, దానిపై చిన్న చిన్న స్తంభముల పిట్టగోడ, ఇరుప్రక్కల చాచిన గోడలు, నడుమ సొరంగమునకు కావలసినదానికంటె చాల ఎత్తైన కమాను. కొంచెము లోనికి పోయినచో సొరంగము తన నిజమైన పరిమాణమునకు తగ్గిపోవును. అనగా బయటి యెత్తు బండికొరకు కాదు, చూచువారి కన్నులకొరకు.

ముఖము ఎట్టిదైనను ఊరికి తగినట్లుండవలెనని ఆతడు పాటించెను. బాత్ నగరము రోమనుల స్నానవాటికలకును, స్తంభముల మేడలకును ప్రసిద్ధము గనుక దాని దాపున రోమను రీతి. అచటనుండి బ్రిస్టల్ వైపునకు పోవుకొలది, ట్వెర్టన్ మొదలగు చోట్ల, బురుజులు తీరిన పాతకాలపు కోటగుమ్మముల రీతి. బ్రిస్టల్ సమీపమందలి యొక సొరంగమున, కట్టుచుండగా చరియ విరిగి ముఖమొకవైపు పూర్తికాకపోగా, దానిని సరిచేయింపక, తీగెలు ప్రాకించి శిథిలమైన పాతకోటవలె విడిచెనని చెప్పుదురు.

అయితే ఇంత ఆడంబరమేల? వేసిన అంచనా 25 లక్షల పౌనులు కాగా దారికి అయిన వ్యయము 65 లక్షలు. వాటాదారులు గొణిగిరి. మా అభిప్రాయమున ఇది కేవలము డంబము కాదు. నాటి ప్రజలు సొరంగమన్న భయపడుచుండిరి. కొందరు ప్రయాణికులు బాక్స్ సొరంగమునకు ముందే బండి దిగి, గుఱ్ఱపుబండిలో కొండ చుట్టి వచ్చెడివారని చెప్పుదురు. అట్టివారికి మాటలతో ధైర్యము చెప్పిన చాలదు. నగరద్వారమువలె స్థిరముగ, గంభీరముగ నిలిచిన గోడను చూచినచో, దీనిని కట్టినవాడు తొందరపాటు మనిషి కాడని మనస్సు కుదుటపడును. ముఖద్వారము రాతితో చేసిన యొక వాగ్దానము. ఆ వాగ్దానమును సొరంగము నిలిపినది. నేటికిని రైళ్లు దాని గుండ పోవుచున్నవి.

ఈ ముఖమును బొమ్మరైలునకు కట్టదలచినవారికి కొన్ని మాటలు చెప్పెదము. బొమ్మరైళ్లలో ఎక్కువ వాడుకలోనున్న యొక కొలత ప్రకారము నిజమైన ఒక అడుగు 4 మిల్లీమీటర్లగును. బ్రూనెల్ సొరంగపు వెడల్పు సుమారు 30 అడుగులు గనుక బల్లపై 12 సెంటీమీటర్లు. ఆతని 7 అడుగుల దారి 28 మిల్లీమీటర్లు. ఇంతవరకు సులభమే. కాని అదే కొలతను బట్టి బాక్స్ సొరంగమును పూర్తి పొడవున కట్టవలెనన్నచో 38 మీటర్లు దాటును. అంత బల్ల యెవరింట నుండును? కావున బొమ్మకొండలో సొరంగము మూరెడో బారెడో యుండును. తక్కిన రెండు మైళ్లను చూపరుల మనస్సులో కలిగింపవలసినది ముఖద్వారమే. నిజమైన కొండకు ముఖము పైతోలువంటిది. బొమ్మకొండకు అదియే సర్వస్వము.

మొదట కాగితముపై ముఖమును నిజమైన బొమ్మపరిమాణమున గీయవలెను. దానిని అట్టపై కత్తిరించి పట్టాలపై నిలిపి, తమ బండ్లలోకెల్ల పొడవైనదానిని మెల్లగ దాని గుండ త్రోయవలెను. దారి వంపుగ నున్నచో పొడవైన పెట్టె నడుము వంపు లోపలివైపునకును, కొనలు వెలుపలివైపునకును తొలగును. తిన్నని దారికి చాలిన ద్వారము వంపున చాలక గోడకు రాచుకొనును. ఈ పరీక్ష చేయక గోడ కట్టినవారు కట్టినదానిని మరల పగులగొట్టవలసివచ్చును.

పిమ్మట గోడ. దళసరి అట్ట గాని, పలుచని చెక్క గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గాని వాడవచ్చును. ప్లాస్టరును గాజుపలకపై కొయ్యపుల్లల చట్రములో పోసి, పూర్తిగ గట్టిపడకముందే సూదిమొనతో రాళ్ల వరుసలు గీయవలెను. వరుస యెత్తు 4 మొదలు 6 మిల్లీమీటర్లున్నచో అడుగు, అడుగున్నర రాళ్లవలె కనబడును. కమాను రాళ్లు ఒక్కొక్కటి క్రింద సన్నముగను పైన వెడల్పుగను ఉండి, గీతలన్నియు కమాను కేంద్రమువైపు చూడవలెను. వాని సంఖ్య బేసియైనచో ఒక రాయి సరిగా నడినెత్తిన కూర్చుండును. ఆ రాయి లేని కమాను, తెలిసినవాని కంటికి కూలబోవునట్లు తోచును.

గోడ ఏల యున్నదో మరువరాదు. అది అలంకారము కాదు. కొండచరియ జారి పట్టాలపై పడకుండ ఆపు కట్ట. కావున నిలువునకు కొంచెము వెనుకకు వాలి, ఇరుప్రక్కల చరియవాలునకు తగినట్లు మెట్లుగనో ఏటవాలుగనో గోడలు తగ్గుచు పోవలెను. పైనుండి వచ్చు వాననీరు పోవుటకు పిట్టగోడ వెనుక కాలువయు, గోడలో అచటచట చిన్న రంధ్రములును గుర్తుగ పెట్టవలెను. ద్వారము లోపల జానెడు దూరమైనను కమానును అట్టతో కొనసాగించి నల్లరంగు పూయవలెను. లేనిచో ముఖము వెనుక బల్లక్రింది తీగలు కనబడి, నాటకశాల తెర చిరిగినట్లుండును. ఆవిరియింజను తిరుగు దారియైనచో కమాను నెత్తిన పొగమసి అద్దవలెను. తక్కిన రాయి వన్నె మాత్రము ఆ యూరి రాయిని బట్టి యుండవలెను. అరకు కొండల దారికి బాత్ నగరపు రాయి తగదు. బాక్స్ ముఖము ఎట్లుండెనో తెలిసికొనగోరువారు బోర్న్ అను చిత్రకారుడు 1846లో ప్రకటించిన గ్రేట్ వెస్టర్న్ రైల్వే చిత్రములను చూడవచ్చును.

ఇంతవరకు ముఖమును మెచ్చుకొంటిమి. కాని ముఖము చెప్పని మాటయు నొకటి కలదు. బాక్స్ సొరంగము త్రవ్వుటలో సుమారు నూర్గురు కూలీలు ప్రాణములు కోల్పోయిరి. తుపాకిమందు ప్రేలి కొందరు, రాళ్లు పడి కొందరు, నూతులలో పడి కొందరు. గాయపడి బాత్ వైద్యశాల చేరినవారు నూర్గురికి మించిరి. ఆ పట్టికను తన యెదుట పెట్టినపుడు, పనియొక్క విస్తారమును, వాడిన మందుయొక్క పరిమాణమును బట్టి చూచినచో అది యెక్కువ గాదని బ్రూనెల్ అభిప్రాయపడెనట. ఒక్క ముసలివానికొరకు త్రాడు పట్టుకొని నీటిలోనికి జారిన యువకుడే ఈ మాటయు తలచినవాడు. మహనీయుల చరిత్రము వ్రాయువారు ఇట్టివానిని దాచుదురు. దాచుట న్యాయము కాదని మేము తలచుచున్నాము. పని పెద్దదైనకొలది మనుష్యుడొక్కడొక్కడు కంటికి చిన్నదగుట ప్రతిభావంతులకు కలుగు ప్రమాదము. థేమ్సు క్రింద ఆతడు కూలీలతో భుజము కలిపి నిలిచెను గనుక వారి ముఖములెరుగును. బాక్స్ కొండ క్రింద నాలుగు వేలమంది లెక్కలోని అంకెలైరి. ఆ గంభీరమైన ద్వారముపై మృతుల పేర్లొక్కటియు లేవు.

తరువాతి చరిత్రమును త్వరగా చెప్పెదము. ఆతడు 1836లో మేరీ హార్స్‌లీ అను వనితను వివాహమాడెను. రైలుదారిని సముద్రముమీదను సాగింపదలచి గ్రేట్ వెస్టర్న్ అను ఓడను కట్టగా, అది 1838లో అట్లాంటికు దాటెను. ఇనుపతో కట్టి మరచక్రముతో నడపిన గ్రేట్ బ్రిటన్ అను ఓడ 1843లో నీటికి దిగెను. ఓటములును పెక్కు కలవు. ఇంజను లేకుండ గాలిగొట్టములచే బండ్లు లాగింపదలచిన దక్షిణ డెవన్ ప్రయత్నము 1848లో మూతపడి, వాటాదారుల సొమ్ము చాల నష్టమయ్యెను. ఆతని వెడల్పు దారియు నిలువలేదు. 1846లో చట్టము ఇరుకు దారినే దేశమునకు ప్రమాణముగ చేసెను. 1892 మే నెలలో కడపటి వెడల్పు పట్టాలు తీసివేయబడెను. సొరంగములు మాత్రము ఆ వెడల్పుననే నిలిచినవి. 1855లో క్రిమియా యుద్ధమున గాయపడిన సైనికులకై, భాగములుగ చేసి ఓడలో పంపి అచట కూర్చదగిన వైద్యశాలను ఆతడు కల్పించెను. గాలికిని మురుగుకాలువలకును ఆతడు చేసిన యేర్పాటులవలన అచట మరణములు మిక్కిలి తగ్గెను. కూలీల లెక్క చూచి చలింపనివాడు రోగుల పడకలకు గాలి వచ్చు దారిని అంగుళముతో సహ లెక్కించెను. మనుష్యుని మనస్సు ఇట్టిది.

ఆతని కడపటి పని గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక. దాని పొడవు ఇంచుమించు 700 అడుగులు. 1858లో ఎన్నో కష్టములకు పిమ్మట అది నీటికి దిగెను. ఆ శ్రమవలన ఆతని ఆరోగ్యము చెడెను. 1859 మే నెలలో సాల్టాష్ వద్ద ఆతడు కట్టించిన గొప్ప వంతెన తెరవబడినపుడు ఆ యుత్సవమునకు పోలేక, తరువాత పడకపై పండుకొని బండిలో ఒక్కమారు దానిమీదుగ పోయి చూచెను. సెప్టెంబరు 5వ తేదీన తన ఓడపైననే కుప్పకూలి, 15వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. క్లిఫ్టన్ వంతెనను తోటి ఇంజనీర్లు ఆతని జ్ఞాపకార్థముగ 1864లో పూర్తిచేసిరి. ప్రయాణికులకు అచ్చిరాని ఆ మహానౌకయు వ్యర్థము కాలేదు. సముద్రముల యడుగున తంతితీగలు పరచుటకు వినియోగపడి, 1870లో ఏడెన్ బొంబాయిల నడుమ తీగను వేసి మన దేశమును లోకముతో కలిపెను.

విద్యార్థులారా! బల్లపై మీరు కట్టు సొరంగపు ముఖము జానెడే కావచ్చును. దానిని సరిగా కట్టుడు. బండి రాచుకొనకుండ కొలువుడు. కమాను నడినెత్తిరాయిని మరువకుడు. చరియను ఆపునట్లు గోడను వాల్చుడు. లోపలి చీకటిని నిజమైన చీకటిగ చేయుడు. కట్టి ముగించిన పిమ్మట ఒక్క నిమిషము ఆ చీకటివైపు చూడుడు. నిజమైన సొరంగములలో, అరకు కొండలలోనైనను ఆంగ్లదేశమునందైనను, ఆ చీకటిని తొలిచినవారు, తిరిగి బయటికి రానివారు కలరు. బ్రూనెల్ పేరు లోకమునకు తెలియును, వారి పేర్లు తెలియవు. ముఖమును కట్టినవానిని గౌరవించుట యుక్తమే. లోపల త్రవ్వినవానిని మరువకుండుట అంతకంటె యుక్తము. మీలో రేపు ఇంజనీర్లు కాగలవారికి ఈ రెండును తెలిసియుండవలెనని మా కోరిక.